ట్రాక్టరుకు తగిన తొట్టి ఎంపిక

ట్రాక్టరుకు తగిన తొట్టి ఎంపిక అనగా ఒక ట్రాక్టరు సురక్షితంగా లాగగలిగిన, మోయగలిగిన, ఆపగలిగిన బరువును లెక్కించి దానికి సరిపోయే ట్రైలరును జోడించటం. ట్రాక్టరు వెనుక తగిలించే ట్రైలరును కోస్తా ఆంధ్రలో తొట్టి అని, ట్రక్కు అని వ్యవహరిస్తారు. తొట్టిని ఎంచుకొనేటప్పుడు సాధారణంగా ఇంజను అశ్వశక్తిని మాత్రమే చూస్తారు. కాని బల్లపరుపు రోడ్డు మీద లాగటం అన్ని పనులలోకి తేలికైనది. గట్టు ఎక్కేటప్పుడు చక్రాలకు దొరికే పట్టు, హుక్కు మీద పడే బరువు, వంతెన దిగేటప్పుడు బ్రేకుల శక్తి, ఈ మూడే అసలు హద్దును నిర్ణయిస్తాయి. ఎత్తుపల్లాలు లేని కోనసీమ వంటి డెల్టా ప్రాంతంలో ఈ హద్దు దైనందిన ప్రయాణంలో కంటికి కనిపించదు. అందువలన అక్కడ ఈ లెక్క మరింత అవసరమవుతుంది.

## నేపథ్యం

గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల నడుమనున్న కోనసీమను నీటిపారుదల శాఖ పరిభాషలో మధ్య డెల్టా అంటారు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాత ఈ ప్రాంతమంతటా కాలువలు విస్తరించాయి. చిరకాలం ధాన్యం, కొబ్బరి కాలువలలో పడవల మీద, ఊళ్ళలో ఎడ్లబండ్ల మీద రవాణా అయ్యేవి. హరిత విప్లవం తరువాత ట్రాక్టర్లు పెరిగి, క్రమంగా ఎడ్లబండి స్థానాన్ని ట్రాక్టరు తొట్టి ఆక్రమించింది.

డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఐ.పోలవరం మండలం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ మండలంలోని ఎదుర్లంక వద్ద గౌతమి మీద లోక్‌సభ మాజీ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరిట ఉన్న వారధి యానాంతో కలుపుతున్నది. 216వ జాతీయ రహదారి ఈ వారధి దాటి మురమళ్ళ, ముమ్మిడివరం మీదుగా అమలాపురం వైపు సాగుతుంది. ఇటువంటి ప్రాంతంలో ఒకే ట్రాక్టరు ఒకే రోజున నాలుగు రకాల నేలల మీద నడవవలసి వస్తుంది: చేను, మట్టి పుంత, కాలువ గట్టు, తారు రోడ్డు. వీటికి వంతెనల ఎగువ దిగువ వాలులు అదనం. తారు రోడ్డు మీద సులువుగా సాగిన బరువు మిగిలిన చోట్ల సాగుతుందన్న హామీ లేదు.

## పారిభాషిక పదాలు

* ఖాళీ బరువు: సరుకు లేకుండా తొట్టి బరువు.
* సరుకు బరువు: తొట్టిలో వేసిన సరుకు బరువు.
* స్థూల బరువు: ఖాళీ బరువు, సరుకు బరువు కలిపిన మొత్తం. రిజిస్ట్రేషను పత్రంలో అనుమతించిన స్థూల బరువు నమోదై ఉంటుంది.
* మొత్తం జంట బరువు: ట్రాక్టరు, తొట్టి, సరుకు అన్నీ కలిసిన బరువు. రోడ్డు మీద కదలవలసినదీ, ఆగవలసినదీ ఈ బరువే.
* హుక్కు బరువు: తొట్టి తన ముందు భాగంతో ట్రాక్టరు హుక్కును కిందికి నొక్కే బరువు.
* లాగుడు బలం: హుక్కు వద్ద ట్రాక్టరు చూపగలిగే అడ్డ బలం.

## లెక్కకు ఒక నమూనా

ఈ వ్యాసంలోని లెక్కలకు 45 అశ్వశక్తి గల ట్రాక్టరును, 5 టన్నుల సరుకు మోసే తొట్టిని నమూనాగా తీసుకొనడమైనది. ట్రాక్టరు బరువు 2,100 కి.గ్రా. అందులో ముందు ఇరుసు మీద 800, వెనుక ఇరుసు మీద 1,300 కి.గ్రా. పడుతుంది. తొట్టి ఖాళీ బరువు 1,500, సరుకు 5,000, స్థూల బరువు 6,500 కి.గ్రా. కాబట్టి మొత్తం జంట బరువు 8,600 కి.గ్రా. బలాలను కూడా పాఠకుల సౌకర్యం కోసం కిలోగ్రాముల బరువుతోనే సూచించడమైనది. అసలు ట్రాక్టరుకు ఈ అంకెలు కొంత మారుతాయి కాని లెక్క చేసే పద్ధతి మారదు.

## అశ్వశక్తి, నేల పట్టు

చక్రం దొర్లేటప్పుడు నేల కలిగించే ఆటంకాన్ని దొర్లుడు ఘర్షణ అంటారు. ఇది గట్టి తారు రోడ్డు మీద మొత్తం బరువులో సుమారు 2 శాతం, తడిసిన మట్టి గట్టు మీద 8 శాతం, బురద చేనులో 20 శాతం వరకు ఉంటుంది. వాలు ఎక్కేటప్పుడు దీనికి వాలు భాగం కూడా కలుస్తుంది. 30 మీటర్లకు 1 మీటరు లేచే వంతెన వాలులో అది 3.3 శాతం.

నమూనా జంటకు సమతలమైన తారు రోడ్డు మీద కావలసిన బలం 8,600లో 2 శాతం, అనగా 172 కి.గ్రా. మాత్రమే. గంటకు 30 కి.మీ. వేగంతో ఈ బలాన్ని చూపటానికి చక్రాల వద్ద 19 అశ్వశక్తి చాలును. 45 అశ్వశక్తి ఇంజనులో సగం కూడా ఇందుకు ఖర్చు కాదు. అందువలన మరో రెండు మూడు టన్నులు వేసినా ఇంజను మొరాయించదు. తొట్టికి బరువు ఎక్కువైనదన్న సంగతి డ్రైవరుకు తెలియకుండా పోవటానికి ఇదే కారణం.

ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా అది నేలకు చేరేది వెనుక చక్రాల ద్వారానే. వెనుక చక్రాల మీదున్న బరువును నేల పట్టు గుణకంతో హెచ్చిస్తే దొరికే బలానికి మించి ట్రాక్టరు లాగలేదు. ఆపైన చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి.

| నేల | కావలసిన బలం | పట్టు గుణకం | నాలుగు చక్రాల తొట్టితో లభించే బలం | రెండు చక్రాల తొట్టితో లభించే బలం |
|---|---|---|---|---|
| సమతల తారు రోడ్డు | 170 | 0.7 | 910 | 1,640 |
| వంతెన ఎగువ వాలు | 460 | 0.7 | 910 | 1,640 |
| తడిసిన మట్టి గట్టు | 690 | 0.4 | 520 | 940 |
| బురద చేను | 1,720 | 0.25 | 325 | 590 |

(బలాలు కి.గ్రా.లలో, సుమారుగా)

పట్టిక ప్రకారం వంతెన ఎక్కటం ఏ తొట్టికైనా సాధ్యమే. తడిసిన గట్టు మీద మాత్రం నాలుగు చక్రాల తొట్టి కదలదు, రెండు చక్రాల తొట్టి కదులుతుంది. బురద చేనులోనుండి 5 టన్నులతో ఏదీ బయటికి రాలేదు. దాళ్వా కోతల తరువాత గట్టిపడిన చేలలో సాగిన బరువు, సార్వా కోతల సమయంలో తుపాను వాన పడిన చేలలో సాగకపోవటానికి కారణం ఇదే. అటువంటప్పుడు సరుకును గట్టుకు చేర్చి, అక్కడ తొట్టి నింపటం మేలు. దమ్ముకు వాడే ఇనుప చక్రాలు బురదలో పట్టునిస్తాయి కాని వాటితో రోడ్డు ఎక్కకూడదు.

## రెండు చక్రాల తొట్టి, నాలుగు చక్రాల తొట్టి

నాలుగు చక్రాల తొట్టి తన బరువునంతా తన చక్రాల మీదే మోసుకుంటుంది. హుక్కు మీద దాదాపు బరువు పడదు. చదునైన రోడ్డు మీద నిలకడగా సాగుతుంది. అయితే ట్రాక్టరు వెనుక చక్రాల పట్టును పెంచదు. ముందు ఇరుసు తిరుగుడు పళ్ళెం మీద ఉండటం వలన వెనుకకు నడపటం కూడా కష్టం.

రెండు చక్రాల తొట్టిలో ఇరుసు మధ్య భాగానికి కొంత వెనుకగా ఉంటుంది. అందువలన స్థూల బరువులో కొంత భాగం హుక్కు మీదికి వస్తుంది. నమూనా తొట్టిలో ఇది 800 కి.గ్రా., అనగా సుమారు 12 శాతం. హుక్కు వెనుక ఇరుసుకు 60 సెం.మీ. వెనుక ఉన్నదనుకుంటే తూనిక సూత్రం ప్రకారం ముందు ఇరుసు కొంత పైకి లేస్తుంది. ట్రాక్టరు రెండు ఇరుసుల మధ్య దూరం 1.95 మీ. అయితే ముందు ఇరుసు కోల్పోయే బరువు 800 × 0.6 ÷ 1.95, అనగా సుమారు 245 కి.గ్రా. ఈ బరువు వెనుక ఇరుసుకు చేరుతుంది. వెనుక ఇరుసు మీది బరువు 1,300 + 800 + 245 = 2,345 కి.గ్రా. అవుతుంది. గట్టు మీద రెండు చక్రాల తొట్టికి అదనపు పట్టు దొరకటానికి కారణం ఇదే.

లాభం ఉన్నచోట నష్టం కూడా ఉన్నది. ముందు ఇరుసు మీద ఇప్పుడు మిగిలినది 555 కి.గ్రా. మాత్రమే. చుక్కాని మాట వినాలంటే ముందు చక్రాల మీద ట్రాక్టరు బరువులో కనీసం ఐదవ వంతు, ఇక్కడ 420 కి.గ్రా., ఉండాలన్నది సాధారణ నియమం. బస్తాలన్నీ తొట్టి ముందు భాగానికి పేర్చి హుక్కు బరువును 1,200 కి.గ్రా. చేస్తే ముందు ఇరుసు మీద 430 మాత్రమే మిగులుతుంది. వంతెన ఎక్కేటప్పుడు లాగుడు వలన మరో 100 కి.గ్రా. తగ్గుతుంది. అప్పుడు చుక్కాని తిప్పినా ట్రాక్టరు తిరగకుండా నేరుగా పోవచ్చును. కాలువ గట్టు మీది మలుపులో ఇది ప్రాణాంతకం.

బస్తాలను మరీ వెనుకకు పేర్చినా ప్రమాదమే. హుక్కు పైకి లేవటానికి ప్రయత్నిస్తుంది, వెనుక చక్రాల పట్టు పోతుంది, తొట్టి ఇటూ అటూ ఊగుతుంది. కాబట్టి బరువును తొట్టి ఇరుసుకు కొంచెం ముందుగా కేంద్రీకరించి సమంగా పేర్చాలి.

హుక్కు ఎత్తు కూడా ముఖ్యమే. తొట్టిని ఎల్లప్పుడూ వెనుక ఇరుసు మధ్య బిందువు కంటె కిందనున్న హుక్కుకు మాత్రమే తగిలించాలి. ఇరుసు కంటె పైన, ఉదాహరణకు నాగలి తగిలించే పై లింకు వద్ద, గొలుసు కట్టి లాగితే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనుకకు తిరగబడుతుంది. ఇది డ్రైవరు క్లచ్చి తొక్కే లోపలే జరిగిపోతుంది.

## ఆపగల శక్తి

ఎంపికలో అతి ముఖ్యమైనదీ, అతి తక్కువగా పట్టించుకొనేదీ ఇదే. సాధారణ వ్యవసాయ ట్రాక్టరులో బ్రేకులు వెనుక చక్రాలకు మాత్రమే ఉంటాయి. తొట్టికి బ్రేకులు లేకపోతే 2,100 కి.గ్రా. ట్రాక్టరు 8,600 కి.గ్రా. బరువును ఆపవలసి ఉంటుంది.

గంటకు 25 కి.మీ. వేగంతో పోయే ట్రాక్టరు ఒంటరిగా అయితే, డ్రైవరు తేరుకొనే ఒక సెకను కాలాన్ని కూడా కలిపి, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. బ్రేకులు లేని నాలుగు చక్రాల తొట్టితో అదే వేగంలో సుమారు 30 మీటర్లు పడుతుంది. అదే జంట వాన పడిన వంతెన వాలు దిగుతున్నప్పుడు పట్టు గుణకం 0.4కు తగ్గటమే కాక వాలు కూడా ముందుకు తోస్తుంది. అప్పుడు దూరం సుమారు 100 మీటర్లకు చేరుతుంది. ఇదే పరిస్థితిలో సరుకును 5 టన్నుల నుండి 8 టన్నులకు పెంచితే ఆగటానికి దాదాపు 220 మీటర్లు కావాలి. సరుకు పెరిగినది 60 శాతం, ఆగే దూరం పెరిగినది రెట్టింపు కంటె ఎక్కువ. ఇవి బ్రేకులు పూర్తి స్థాయిలో పని చేస్తాయనుకొని వేసిన లెక్కలు. అరిగిన బ్రేకులతో దూరం ఇంకా పెరుగుతుంది.

రెండు చక్రాల తొట్టి అయితే హుక్కు బరువు వలన వెనుక చక్రాల పట్టు పెరిగి, 5 టన్నులతో తడి వాలులో సుమారు 40 మీటర్లలో ఆగుతుంది. వేగం తగ్గించటం అన్నిటికంటె మంచి ఉపాయం. నాలుగు చక్రాల తొట్టితోనే తడి వాలును 15 కి.మీ. వేగంతో దిగితే ఆగే దూరం 100 మీటర్ల నుండి 37 మీటర్లకు తగ్గుతుంది.

వాలు దిగేటప్పుడు పాటించవలసిన నియమాలు:

* ఎడమ, కుడి బ్రేకు పెడళ్ళను కొక్కెంతో కలిపి ఉంచాలి. చేనులో మలుపు కోసం విడదీసిన పెడళ్ళను అలాగే రోడ్డు మీద వాడితే ఒక చక్రమే ఆగి ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది.
* ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలి. ఇంజను నిరోధం బ్రేకులకు తోడవుతుంది.
* గేరును తటస్థంలో ఉంచి దిగకూడదు. క్లచ్చి తొక్కి దిగకూడదు.
* మలుపులో ఉండగా గట్టిగా బ్రేకు వేయకూడదు. తొట్టి వెనుకనుండి నెట్టటం వలన ట్రాక్టరు, తొట్టి కత్తెరవలె మడుచుకొంటాయి.

బరువు సరుకు ఎక్కువగా తోలేవారు బ్రేకులున్న తొట్టిని ఎంచుకొనటం ఉత్తమం.

## తొట్టి నిండటం, బరువు నిండటం

తొట్టి పరిమాణం దాని బరువు హద్దును సూచించదు. 3 మీ. పొడవు, 1.8 మీ. వెడల్పు, 0.6 మీ. ఎత్తు గల తొట్టి ఘనపరిమాణం 3.24 ఘనపు మీటర్లు. దీనిని అంచు వరకు నింపితే పట్టే బరువు సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

| సరుకు | బరువు (టన్నులు) |
|---|---|
| ఊక | 0.3 - 0.4 |
| విడి ధాన్యం | 1.9 |
| నీరు | 3.2 |
| పొడి ఇసుక | 5.2 |
| తడి బంకమట్టి | 5.8 |
| తడి ఇసుక | 6.2 |

అదే తొట్టి ధాన్యంతో నిండినప్పుడు హద్దులో సగం కూడా చేరదు. తడి ఇసుకతో నిండినప్పుడు 5 టన్నుల హద్దును దాటిపోతుంది. రేవులో ఎత్తిన ఇసుకను అంచు దాటి గోపురంగా పోస్తే సరుకు 7 టన్నులకు చేరవచ్చును. ఇటుకలను లెక్కతో తోలుతారు కాబట్టి తేలిక: ఒక్కొక్కటి 3 కి.గ్రా. చొప్పున వెయ్యి ఇటుకలు 3 టన్నులు.

గోదావరి జిల్లాలలో ధాన్యం బస్తా అంటే 75 కి.గ్రా. 5 టన్నులకు 66 బస్తాలు వస్తాయి. ఇవి తొట్టి అంచు దాటి దాదాపు ఒక మీటరు ఎత్తు లేస్తాయి. ఇక్కడ ప్రమాదం బరువు వలన కాక ఎత్తు వలన కలుగుతుంది. గరిమనాభి పైకి పోయిన కొద్దీ తొట్టి పక్కకు ఒరగటం సులువు. గట్టు ఒక పక్క కుంగినా, గట్టు నుండి పుంతలోకి మలుపు వేగంగా తిరిగినా తొట్టి బోల్తా పడుతుంది. కొబ్బరి పీచు, గడ్డి వంటివి బరువు తక్కువైనా ఎత్తు ఎక్కువ కాబట్టి వాటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

## చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 ట్రాక్టరును తనంతట తాను సరుకు మోయటానికి నిర్మించని వాహనంగాను, ట్రైలరును మోటారు వాహనం చేత లాగబడే ప్రత్యేక వాహనంగాను నిర్వచించింది. కాబట్టి తొట్టిని కూడా రిజిస్టరు చేయించాలి. ఈ చట్టం 113వ సెక్షను అనుమతించిన స్థూల బరువును మించి నడపటాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత 194వ సెక్షను ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు జరిమానా. అదనపు సరుకును దించే వరకు వాహనాన్ని కదలనివ్వరు.

సొంత వ్యవసాయానికి రిజిస్టరైన ట్రాక్టరు, తొట్టితో ఇసుక, ఇటుక వంటివి కిరాయికి తోలాలంటే రవాణా వాహనంగా రిజిస్టరు చేయించాలి. ట్రాక్టరు నడపటానికి లైసెన్సు ఉన్నవారు దానికి తొట్టి తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. సరుకు తొట్టిలో కూలీలను, పెళ్ళివారిని, యాత్రికులను ఎక్కించటం మాత్రం అత్యంత ప్రమాదకరం. తొట్టి బోల్తా పడినప్పుడు వారికి పట్టుకొనే ఆధారం ఉండదు, బీమా పరిహారం కూడా చిక్కులలో పడుతుంది.

## ఎంపిక క్రమం

1. ట్రాక్టరు తయారీదారు ఇచ్చిన పుస్తకంలో లాగదగిన స్థూల బరువును, హుక్కు మీద పడదగిన గరిష్ఠ బరువును చూడాలి.
2. మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో ఉన్న కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. లాగుడు బలం, బ్రేకుల పరీక్షల ఫలితాలను వాటిలో చూడవచ్చును. దక్షిణ ప్రాంతానికి ఇటువంటి శిక్షణ, పరీక్షా సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది.
3. తొట్టి ఖాళీ బరువును వే బ్రిడ్జి మీద తూయించాలి. స్థూల బరువు హద్దు నుండి దీనిని తీసివేస్తే సరుకు హద్దు వస్తుంది.
4. తొట్టి ముందు కాలును మాత్రమే వే బ్రిడ్జి మీద ఉంచి, హుక్కు బరువును వేరుగా తూయించవచ్చును. తూచేటప్పుడు తొట్టి సమతలంగా ఉండాలి.
5. టైర్ల పక్క గోడ మీద ముద్రించిన బరువు హద్దును, గాలి పీడనాన్ని సరిచూడాలి. ట్రాక్టరు వెనుక టైర్లు హుక్కు బరువును కూడా మోయాలని మరువరాదు.
6. నడిచే దారిలో అన్నిటికంటె కష్టమైన చోటును గుర్తించి ఆ చోటుకే లెక్క వేయాలి. కోనసీమలో అది సాధారణంగా తడిసిన గట్టు లేదా వంతెన దిగువ వాలు అవుతుంది.
7. హుక్కు పిన్నుకు తాళపు సీల పెట్టి, అదనంగా రక్షణ గొలుసు కట్టాలి. తొట్టి వెనుక ఎర్రని ప్రతిఫలన పట్టీలు, దీపాలు ఉండాలి.

## ఇతర దేశాలలో

అమెరికా, కెనడాలలో పికప్ ట్రక్కు వెనుక నివాస ట్రైలరును తగిలించి విహార యాత్రలకు వెళ్ళటం విస్తృతంగా ఉన్నది. అక్కడి లెక్క కూడా ఇదే సూత్రం మీద ఆధారపడుతుంది. పికప్ ట్రక్కుల లాగుడు సామర్థ్యాన్ని ఎస్.ఏ.ఇ. జె2807 అనే ప్రమాణం ప్రకారం నిర్ణయిస్తారు. హుక్కు మీద ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతం ఉండాలంటారు. అంతకు తగ్గితే అధిక వేగంలో ట్రైలరు ఊగుతుంది.

ఉదాహరణకు 4,000 కి.గ్రా. లాగగలిగిన పికప్‌కు 3,500 కి.గ్రా. ట్రైలరు సరిపోయినట్లు కనిపిస్తుంది. హుక్కు బరువు 12 శాతం చొప్పున 420 కి.గ్రా. ప్రయాణికులు, సామాను కలిసి 450 కి.గ్రా. అనుకుంటే ట్రక్కు మోయవలసినది 870 కి.గ్రా. ట్రక్కు మోయగలిగినది 650 మాత్రమే అయితే, లాగగలిగినా మోయలేదు కాబట్టి ఆ జత పనికిరాదు. నిర్ణీత బరువు దాటిన ట్రైలర్లకు సొంత బ్రేకులు ఉండాలని అమెరికాలోని అనేక రాష్ట్రాల చట్టాలు నిర్దేశిస్తున్నాయి. పలు రాష్ట్రాలలో ఆ హద్దు సుమారు 1,360 కి.గ్రా. పికప్ అయినా ట్రాక్టరు అయినా లాగటం, మోయటం, ఆపటం అనే మూడు హద్దులలో ఏది తక్కువైతే అదే ఆ జంట యొక్క అసలు సామర్థ్యం.

## ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* ఎడ్లబండి
* ఘర్షణ
* గరిమనాభి
* కోనసీమ
* ఐ.పోలవరం
* ధవళేశ్వరం ఆనకట్ట